తమ్ముడు రీల్సులో చెప్పాడు, ఊరు నమ్మింది. ఇప్పుడు పొలం అమ్మాలా?

ఈసారి ఉత్తరం పెద్దది. ఊరి పేరు, మనుషుల ఆనవాళ్ళు తీసేసి, రాసినాయన మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"నాకు 46 ఏళ్ళు. మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ వైపు పల్లె. నాన్నకి ఎకరా 80 సెంట్ల మెట్ట ఉంది. అందులో ఎకరా తాత నుంచి వచ్చింది, రోడ్డువారన ఉన్న 80 సెంట్లు నాన్న సొంతంగా కొన్నది. ఒకప్పుడు గోగు వేసేవాళ్ళం, ఇప్పుడు మొక్కజొన్న. నేను 19 ఏళ్ళు జ్యూట్ మిల్లులో పనిచేశాను. మిల్లు మూతపడ్డాక పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాను, నెలకి 16 వేలు చేతికొస్తాయి.

తమ్ముడికి 33. హైదరాబాదులో డెలివరీ పని చేసేవాడు, కరోనాకి ఇంటికొచ్చేశాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు పనులు మొదలయ్యాక ఒక వెంచర్ కంపెనీకి ఏజెంటయ్యాడు. రీల్స్ బాగా తీస్తాడు. 'అన్నా, ఎకరా కోటి దాటీసింది, మనం ఇంకా మొక్కజొన్న ఏసుకుంటన్నాం' అనేవాడు. వాడి వీడియోలు మా కులపోళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టేవాణ్ణి. ప్రీ లాంచ్ ఆఫర్, మనవాళ్ళకే ముందు అన్నాడు. ఊళ్ళో 11 ఇళ్ళవాళ్ళు కట్టారు. ఎనిమిది మంది తలా 2 లక్షలు, ముగ్గురు తలా రెండున్నర. మొత్తం 23 లక్షల 50 వేలు. ఐదుగురు ఆడవాళ్ళు డ్వాక్రా గ్రూపులో అప్పు తీసి ఇచ్చారు. వాడికి కమీషన్ లక్షా 40 వేలు ముట్టింది.

ఏడాదిన్నర అయింది. లేఔటు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. కంపెనీ ఆఫీసుకి తాళం పడలేదు గానీ మేనేజరు మారిపోతుంటాడు. వెంచరు ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలన్నారు, వెళ్ళి చూస్తే శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటి ఎక్కడో ఉంది. ఊళ్ళో రోజూ గొడవ. కులపెద్ద పిలిచి, 'పోలీసులూ కోర్టులూ మనకెందుకురా, పొలం ఇచ్చీసి బయటపడండి' అన్నాడు. ఒక బ్రోకరు వచ్చాడు, ఆ పెద్దకి బావమరిదే. ఎకరా 90 లక్షలకి మొత్తం బిట్టు తీసుకుంటానంటున్నాడు. అడ్వాన్సు 10 లక్షలు, 8 నెలల గడువు. తమ్ముడు సరేనన్నాడు. చెల్లి సంతకం పెట్టేస్తుంది, ఇబ్బంది లేదు. నాన్న మాత్రం ఆ రోజు నుంచీ మాట్లాడ్డం మానేశారు. మా అమ్మాయికి చీపురుపల్లి సంబంధం మాటయింది, పెద్ద ముహూర్తాల్లో చేద్దామనుకుంటున్నాం. పొలం అమ్మాలా, వద్దా? మా పొలంతో ఊరి బాకీ తీర్చడం న్యాయమా?

ఇంకొక్క మాట. మా వీధిలో చేపలమ్మే ఆవిడ ఒకరున్నారు. ఆవిడ 2 లక్షలూ నా చేతి మీదుగానే ఇప్పించాను. అందరూ ఇంటి మీదకి వస్తున్నారు, ఆవిడ మాత్రం ఒక్కసారీ అడగలేదు."

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్నకి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పచ్చు గానీ, అలా చెబితే మీ చేత తప్పు చేయించినట్టవుతుంది. మీరు ఒకే ముడి అనుకుంటున్నది నిజానికి మూడు నాలుగు దారాలు కలిసిపోయిన చిక్కు. కంపెనీ బాకీ ఒకటి, మీ తమ్ముడి బాధ్యత ఒకటి, మీ సొంత బాధ్యత ఒకటి. వీటిలో వేటితోనూ సంబంధం లేని మీ నాన్నగారి పొలం ఇంకొకటి. ఊళ్ళో గొడవ రోజూ జరుగుతుంటే ఇవన్నీ ఒకటిగానే కనబడతాయి. మీ గుమ్మంలో అరిచేవాళ్ళకి కంపెనీ చిరునామా తెలీదు, మీ పొలం గట్టు తెలుసు.

ముందు రేటు సంగతి. మీ ఇంట్లో అందరి బుర్రల్నీ తిప్పింది అదే.

మన వైపు భూమికి మూడు రేట్లు నడుస్తున్నాయి. యూట్యూబు రేటు ఒకటి, బ్రోకరు నోటి రేటు ఒకటి, దస్తావేజులో రాసే రేటు ఒకటి. మొదటిది ఎక్కువ, చివరిది తక్కువ, మూడింటిలో ఏదీ నిజం కాదు. మీ బ్యాంకు ఖాతాలో పడి, చెక్కు పాసై, మళ్ళీ ఎవరూ వెనక్కి అడగని సొమ్ము ఎంతో, అదే మీ భూమి రేటు. ఈ లెక్కన ఇవాళ్టికి మీ పొలం ఖరీదు మీకూ తెలీదు, నాకూ తెలీదు, ఆ బ్రోకరుకీ తెలీదు. 8 నెలల గడువు అతను అడుగుతున్నది అందుకే. ఆ 8 నెలల్లో ఇంకొకణ్ణి వెతికి, మీ కాగితం చూపించి, పై రేటుకి తిప్పేస్తాడు. అగ్రిమెంటు మీద అగ్రిమెంటు రాసుకుపోయే ఈ వ్యాపారం హైవే పొడుగునా జరుగుతూనే ఉంది. కొనేవాడు దొరికితే అందరికీ పండగే. దొరక్కపోతే అతను పోగొట్టుకునేది 10 లక్షలు, అది కూడా ఊరికే పోగొట్టుకోడు. ఆ కాగితం పట్టుకుని కోర్టుకి వెళ్తే మీరు ఆ భూమి ఇంకొకరికి అమ్మలేరు, బ్యాంకులో పెట్టి అప్పూ తెచ్చుకోలేరు. గడువు దాటాక కూడా అగ్రిమెంటు అమలు చేయమని దావా వేయడానికి అతనికి 3 ఏళ్ళ టైముంటుంది.

ఇక యూట్యూబు రేటు. మీ తమ్ముణ్ణి మాత్రమే తప్పుపట్టలేను, ఆ గాలి పదేళ్ళుగా వీస్తోంది. 2015లో భోగాపురం భూసేకరణ మాట మొదలైనప్పుడు 15,000 ఎకరాలన్నారు. రైతులు కొట్లాడితే తగ్గుతూ తగ్గుతూ మూడు వేల ఎకరాల లోపుకి వచ్చింది. 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి మళ్ళీ చేశారు. ఈ రెండింటి మధ్య 2019 డిసెంబరులో విశాఖ రాజధాని మాట వచ్చింది. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది. ఒక్కో వార్తకీ హైవే పక్కన ఒక్కో వరస బోర్డులు లేచాయి. వార్త అబద్ధం కాదు. విమానాశ్రయం అబద్ధం కాదు, రన్‌వే కళ్ళెదుటే ఉంది. కాకపోతే పక్కన ఎయిర్‌పోర్టు ఉండడం వేరు, మీవాళ్ళు డబ్బు కట్టిన ప్లాటు ఉండడం వేరు. వీడియోలో డ్రోను రన్‌వే మీద నుంచి ఎగిరి, ఒక్క కట్ తర్వాత వెంచరు మీద వాలుతుంది. ఆ కట్‌లో ఎన్ని కిలోమీటర్లు మింగేశారో చూసేవాడికి తెలీదు. ఒకసారి భూమి వీడియో చూస్తే ఆ ఫోనులో ఇక వారం రోజులు భూములే. పొద్దున్న లేచి ఫోను తీసిన మనిషికి లోకమంతా స్థలాలు కొనేస్తోంది, తనొక్కడే మిగిలిపోయాడు అనిపిస్తుంది. దానికి తోడు చెప్పేవాడు టీవీలో కోటు వేసుకున్నవాడు కూడా కాదు, మనూరి కుర్రాడు, మన యాస. ఇలాంటి కంపెనీలు మీ తమ్ముడిలాంటి వాళ్ళని వెతికి పెట్టుకోవడంలో కిటుకంతా ఇదే. ఊళ్ళో వాళ్ళకి ఉన్న నమ్మకాన్ని నెలజీతం లేకుండా, కమీషన్ మీద వాడుకున్నారు.

అలాగని మీ తమ్ముడు అమాయకుడని తేల్చేయలేను. ప్రీ లాంచ్ అనే మాటకి చట్టంలో చోటే లేదు. 2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపుచేసే చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ఏ వెంచరైనా ముందు రెరాలో నమోదు కావాలి. అప్పటిదాకా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ఖరీదులో 10 శాతం మించి పుచ్చుకోకూడదు. ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి, నమోదు లేని వెంచరు జోలికి పోకూడదు. ఇవన్నీ మీ తమ్ముడికి తెలియకపోవచ్చు. కానీ లక్షా 40 వేలు పుచ్చుకున్నవాడు 'నాకేటి తెల్దు' అంటే వినడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు. నేనూ ఉండను.

మీ సంగతీ చెప్పాలి. ఉత్తరమంతా తమ్ముడు చేశాడు, తమ్ముడు అన్నాడు అని రాసుకొచ్చారు. వీడియోలు గ్రూపులో పెట్టింది మాత్రం మీరు. చేపలావిడ డబ్బు ఇప్పించింది మీరు. ఆ రెండు వాక్యాలూ మీరు చాలా చిన్నగా రాశారు, ఒకటి మధ్యలో, ఒకటి చివర్లో. మిమ్మల్ని నిందించడానికి ఇది ఎత్తడం లేదు. మిల్లులో 19 ఏళ్ళు పనిచేసిన మనిషి 'పరవాలేదు' అంటే వీధిలో ఆ మాటకి విలువుంటుంది. రీలు చూసి ఊరుకునేవాళ్ళు మీ మాట విని డబ్బు బయటికి తీశారు. మీకు నిద్ర పట్టనిది అందుకే అనుకుంటాను. తమ్ముడి అప్పు ఎలా తీర్చాలి అన్న ప్రశ్న కింద, నేనెంతవరకు బాకీ అన్న ప్రశ్న ఉంది.

చట్టప్రకారం చెప్పాలంటే, మీ నాన్నగారు ఎవరికీ పైసా బాకీ లేరు. పెద్దవాడైన కొడుకు చేసిన పనికి తండ్రి ఆస్తి జవాబు చెప్పక్కర్లేదు. కులపెద్ద పిలిచి చెప్పినంతమాత్రాన అది మారదు. ఆ పెద్ద మాట గురించి ఒక చిన్న విషయం. పోలీసులొద్దు, పొలం అమ్మండి అన్న ఆయనా, ఆ పొలం కొంటానంటూ వచ్చిన బ్రోకరూ బావా బావమరుదులని మీరే రాశారు. రాసి, పక్క వాక్యంలోకి వెళ్ళిపోయారు. ఆయన మంచిమనసుతోనే అని ఉండొచ్చు. అయినా ఆ రెండు వాక్యాల మధ్య కాసేపు ఆగండి.

ఇప్పుడు నాకు తోచిన దారులు చెబుతాను. ఏ దారైనా ఖర్చు లేనిది కాదు.

మొత్తం బిట్టు బ్రోకరుకి రాసేయడం మొదటిది. అతని మాట ప్రకారమే చూసినా ఎకరా 80 సెంట్లకి కోటి 62 లక్షలు. తీర్చాల్సింది 23 లక్షల 50 వేలు. అంటే ఇరవై నాలుగు లక్షల కోసం కోటిన్నర ఆస్తిని అతని గడువు చేతిలో పెడుతున్నారు. వచ్చే 10 లక్షలు సగం మందికి కూడా చాలవు, మిగిలినవాళ్ళు 'వాళ్ళకిచ్చావు, నాకేదీ' అని ఇంకా గట్టిగా వస్తారు. సొమ్ములో సగం నగదుగా ఇస్తాను, దస్తావేజులో తక్కువ రాద్దాం అని కూడా అంటాడు, ఇప్పటికి అనకపోతే రేపంటాడు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను శాఖ తీసుకున్నంతా జరిమానా వేయగలదు. ఈ దారి ఎంచుకుంటే గొడవ ఒక నెల చల్లారుతుంది. ఆ నెల మనశ్శాంతి కోసం చాలామంది ఇదే చేస్తారు.

రెండోది, అవసరమైనంత ముక్క మాత్రం అమ్మడం. బ్రోకరు రేటే నిజమనుకుంటే సెంటు 90 వేలు, 27 సెంట్లు చాలు. నాన్నగారు సొంతంగా కొన్న 80 సెంట్లలోంచి ఆయన ఇష్టపడితే ఆయన సంతకంతోనే అమ్మచ్చు. కానీ అది రోడ్డు బిట్టు. ముందు ముక్క పోతే వెనక ఎకరాకి దారి పోతుంది, దారి వదిలి కొలిపించాలి. చిన్న బిట్టుకి కొనేవాడు నేరుగా ఇల్లు కట్టుకునేవాడై ఉంటాడు, డబ్బు తొందరగా ఇస్తాడు, కాకపోతే వెతకాలి. ఇది చెడ్డ దారి కాదు. అయితే ఇవాళ కాదు. గుమ్మంలో పదిమంది అరుస్తుండగా అమ్మిన భూమికి ఎప్పుడూ సగం ధరే వస్తుంది.

మూడోది, కంపెనీ మెడకి తాడు వెయ్యడం. ఆఫీసుకి తాళం పడలేదని రాశారు, అది ఎంత విలువైన సంగతో మీకు తట్టలేదు. తాళం పడ్డాక చేసే ఫిర్యాదుకీ, తలుపు తెరిచి ఉండగా చేసే ఫిర్యాదుకీ చాలా తేడా. పదకొండుగురూ కూర్చుని ఎవరెవరు ఏ తేదీన, ఎంత, ఎవరి ఖాతాకి, ఏ రూపంలో ఇచ్చారో ఒక పుస్తకంలో రాయండి. రసీదుల ఫోటోలు, ఫోన్‌పే హిస్టరీ, మీ తమ్ముడి వీడియోలు, గ్రూపులో మీరు పెట్టిన మెసేజ్‌లు, అన్నీ. రెరాకి ఫిర్యాదు ఒకటి. విజయనగరంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. మీ 11 మందిలో ఎవరూ 5 లక్షలు దాటలేదు. లేఔటు వేసి ఇస్తామని ప్లాటు అమ్మడం సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. కేసు కారణం పుట్టిన రెండేళ్ళలోపు వెయ్యాలి, మీకు ఏడాదిన్నర గడిచిపోయింది, ఇది మాత్రం తొందర విషయం. లాయరు ఖర్చు భయమైతే జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.

ఈ దారికి ఖరీదేమిటంటే, మీ తమ్ముడు. ఫిర్యాదులో కంపెనీ పేరు ఎంత పెద్దగా రాసినా అందరికీ తెలిసిన ముఖం అతనిదే. పోలీసు స్టేషన్‌కి వెళ్తే మోసం కేసులో అతని పేరూ రావచ్చు. అతను ముందే లాయరుని కలిసి, తన దగ్గరున్న కంపెనీ కాగితాలూ, కమీషన్ లెక్కా దాచకుండా బయటపెట్టి, బాధితుల పక్కన నిలబడితే పరిస్థితి ఒక రకంగా ఉంటుంది. పదకొండుగురు వెళ్ళి పెట్టిన కేసులో అతన్ని వెతుక్కుంటూ వస్తే ఇంకో రకంగా ఉంటుంది. తప్పించుకుంటాడని హామీ ఇవ్వలేను. వీడియోలు తీసేయమని మాత్రం చెప్పకండి, అవి సాక్ష్యం. ముందు కాపీలు దాచండి. లాయరుతో మాట్లాడాక, అతని చేతే ఆ ఛానల్‌లోనే, ఈ వెంచరుకి నమోదు లేదు, ఇక డబ్బు కట్టకండి అని చెప్పించగలిగితే మీ ఊరి తర్వాతి ఊరైనా బతుకుతుంది. ఈ మాట అతనికి చేదుగా ఉంటుంది. వ్యూస్ కూడా రావు.

కేసు తేలడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. అంతవరకు ఆ ఐదుగురు ఆడవాళ్ళ గ్రూపు కిస్తీ ఆగదు. అందుకే ఇక్కడ మా ఇంటి కథ ఒకటి చెప్పాలి.

తొంభైల్లో మా నాన్న కూడా ఏజెంటే. పొదుపు కంపెనీ ఒకటి ఉండేది, పేరు అనవసరం. సైకిలు మీద వీధులు తిరిగి రోజుకి ఐదూ పదీ వసూలు చేసేవాడు. కంపెనీ ఎత్తేసింది. మా అమ్మ గాజులు, రెండు పాడి గేదెలు, పెరట్లో సగం పోయాయి. నాన్న పరువుగానే తీర్చాడు, ఊరు మెచ్చుకుంది. చాలా ఏళ్ళకి ఆ నోటుపుస్తకం నా చేతికొచ్చింది. చూస్తే ఎవరు గట్టిగా అరిచారో వాళ్ళకి ముందు ముట్టింది. వడ్డీవ్యాపారికి రెండో నెలలోనే ముట్టింది. రైల్వే గేటు దగ్గర వేరుశెనక్కాయలమ్మే ఒకావిడ పేరు ఎదురుగా ఏమీ లేదు. ఆవిడ ఎప్పుడూ మా ఇంటికి రాలేదు. మా నాన్న చెడ్డవాడు కాదు, కనబడ్డవాళ్ళకి కట్టాడు, అంతే.

అందుకని మీ పదకొండుగురినీ ఒకే వరసలో పెట్టకండి. మిగులు డబ్బు పెట్టినవాళ్ళు వేరు. అప్పు తెచ్చి పెట్టినవాళ్ళు వేరు. ఎవరైనా తాను కట్టి, ఇంకో ఇద్దరి చేత కట్టించి కమీషన్ తిన్నవాళ్ళుంటే వాళ్ళు పూర్తిగా వేరు, తమ్ముణ్ణి అడిగితే తెలుస్తుంది. డ్వాక్రా అప్పు తెచ్చిన ఐదుగురి కిస్తీ ఎంతో కనుక్కోండి. తలా 6 వేలు ఉందనుకుందాం, నెలకి 30 వేలు. ఇలాంటి ఏజెంట్లలో చాలామందికి సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి ఉంటుంది, మీ తమ్ముడికీ ఉంటే అది అమ్మాలి. మూడు లక్షలొచ్చినా పది నెలల కిస్తీలు. కారు లేకపోతే పుచ్చుకున్న కమీషనే నాలుగున్నర నెలలు నడుస్తుంది. ఆపైన అతను మళ్ళీ డెలివరీ బండెక్కుతాడో, పైడిభీమవరంలో మీ పక్కన షిఫ్టుకొస్తాడో, ఏదో ఒకటి చెయ్యాలి. దీనివల్ల అందరి బాకీ తీరదు. కానీ గ్రూపులో ఆ ఆడవాళ్ళ పేరు చెడదు, వాళ్ళ మీద కొత్త వడ్డీ పడదు, మీకు కేసు నడపడానికీ, అవసరమైతే ముక్క భూమికి సరైన కొనేవాణ్ణి వెతకడానికీ ఊపిరి దొరుకుతుంది. మనసులో మాట చెప్పమంటే, మూడోదారి వెంటనే, కిస్తీలు వచ్చే నెల నుంచే, భూమి చిట్టచివర. నేనైతే ఈ వరసలో పోతాను. మీ ఇంటి బలం, మీ నాన్న ఆరోగ్యం నాకు కనబడవు కాబట్టి ఇది నా వరస మాత్రమే.

మీ అమ్మాయి పెళ్ళికి దాచిన డబ్బు గురించి మీరు రాయలేదు, ఉండే ఉంటుంది. అందులోంచి తీస్తే ముందే ఆ పిల్లకి చెప్పి తీయండి. చీపురుపల్లి వాళ్ళకి కూడా మీరే వెళ్ళి చెప్పండి. ఈ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపులు చీపురుపల్లి దాకా వెళ్ళకుండా ఉండవు. వాళ్ళు వెనక్కి తగ్గే ప్రమాదం ఉంది. తర్వాత ఇంకొకరి నోట వింటే అది ఇంకా ఎక్కువ.

చెల్లి విషయం. 'చెల్లి సంతకం పెట్టేస్తుంది, ఇబ్బంది లేదు' అని రాశారు. అడిగి రాశారా? తాత నుంచి వచ్చిన ఎకరాలో ఆవిడకి మీ ఇద్దరితో సమానంగా వాటా ఉంది. 2005లో చట్టం మారింది, 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. బ్రోకరు అడుగుతున్న మొత్తం బిట్టులో ఆవిడ భూమి కూడా ఉంది. ఆవిడ ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు, రీలు తీయలేదు, గ్రూపులో పెట్టలేదు. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు చీరపెట్టి, చేతికి పెన్ను ఇచ్చి, ఇక్కడ పెట్టమ్మా అంటే పెట్టేస్తుంది, నిజమే. అలా పెట్టించుకున్న సంతకాలు పదేళ్ళ తర్వాత ఎలా మాట్లాడతాయో మన జిల్లా కోర్టులో ఏ గుమాస్తానడిగినా చెబుతాడు. ఆవిడకి ఫోను చేసి, అన్నీ చెప్పి, నువ్వేమంటావని అడగండి. ఏమో, ఈ చిక్కంతటిలో నిదానంగా ఆలోచించే మనిషి ఆవిడే కావచ్చు.

నాన్నగారి మౌనం గురించి నాకు ఎక్కువ తెలీదు. ఒక్కటి గమనించాను. పొలం ఆయనది, బేరం మీ ఇద్దరిదీ, తీర్పు కులపెద్దది. ఆయన్ని ఎవరూ ఏమీ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. చెప్పారు, అంతే. ఆ 80 సెంట్లు ఎలా కొన్నారో, ఏ ఏడు, ఎవరి దగ్గర, ఎంతకి కొన్నారో అడిగి చూడండి. అమ్మకం మాట ఎత్తకండి. రోడ్డువారన భూమి కొనగలిగిన మనిషికి బేరం సంగతులు మీకంటే తెలిసే ఉంటాయి.

ఇక ఆ చేపలావిడ. ఆదివారం వెళ్ళండి. పొద్దున్న వద్దు, బేరం వేళ. గంప దింపి, వొళ్ళు కడుక్కుని, గుమ్మంలో కూర్చునే వేళకి వెళ్ళండి. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళండి, అతను రానంటే మీరొక్కరే వెళ్ళండి. డబ్బులు ఎప్పుడిస్తారో ముందే చెప్పకండి, మీకే తెలీదు. గ్రూపులో కిస్తీ ఎంత పడుతోందో, ఇన్నాళ్ళూ ఎలా కట్టుకొస్తోందో అడిగి, ఆ అంకె పుస్తకంలో అందరికంటే పైన రాసుకోండి.